హైదరాబాద్ నుంచి ఢిల్లీకి విమానంలో: దూరం, అసలు పట్టే సమయం ఎలా లెక్కేసుకోవాలి

హైదరాబాద్ నుంచి ఢిల్లీకి విమానంలో ఎంతసేపని అడిగితే ఎవరైనా "రెండుంబావు గంటలు" అనేస్తారు. టికెట్ మీద కూడా దాదాపు అంతే ఉంటుంది. కానీ కూకట్‌పల్లిలో ఇంటికి తాళం వేసిన దగ్గర్నుంచి ఢిల్లీలో కన్నాట్ ప్లేస్ చేరేదాకా చూస్తే ఆరున్నర, ఏడు గంటలు అవుతుంది. అందులో గాల్లో ఉండేది రెండు గంటల లోపే. మిగతా నాలుగైదు గంటల గురించి చాలామంది ఆలోచించరు, పనులు చెడేది అక్కడే. యూపీఎస్సీ ఇంటర్వ్యూకో, సుప్రీంకోర్టులో వాయిదాకో, ఎయిమ్స్‌లో డాక్టర్‌ని కలవడానికో వెళ్లేవాళ్లకు ఒక్క గంట తేడా వచ్చినా నష్టం పెద్దదే. అందుకే ఈ లెక్క మొత్తం మీ అంతట మీరే వేసుకునేలా వరుసగా చెబుతాను. ఒకసారి పట్టుబడితే ఏ రెండు ఊళ్లకైనా వాడుకోవచ్చు.

ముందు దూరం తేల్చుకోండి

రోడ్డు మీద, రైల్లో, గాల్లో దూరాలు వేరువేరుగా ఉంటాయి. నాగ్‌పూర్ మీదుగా వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుంటే హైదరాబాద్ నుంచి ఢిల్లీకి 1500 కిలోమీటర్ల పైనే. రైల్లో సుమారు 1670. విమానాల లెక్కలో మాత్రం ఎయిర్‌పోర్ట్ నుంచి ఎయిర్‌పోర్ట్‌కి నేరుగా గీసిన గీతే దూరం. ఆ గీతను మీరే కొలవొచ్చు.

ఫోన్‌లో మ్యాప్ తెరిచి శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ మీద కాసేపు వేలు నొక్కి పట్టుకోండి. రెండు అంకెలు కనిపిస్తాయి: 17.24, 78.43. మొదటిది అక్షాంశం, రెండోది రేఖాంశం. ఢిల్లీ ఇందిరా గాంధీ ఎయిర్‌పోర్ట్‌కి కూడా ఇలాగే చూస్తే 28.57, 77.10 వస్తాయి. అక్షాంశాల తేడా 11.33. ఒక డిగ్రీ అక్షాంశం అంటే ఎక్కడైనా సుమారు 111 కిలోమీటర్లు కాబట్టి ఉత్తరానికి 1258 కిలోమీటర్లు. రేఖాంశాల తేడా 1.33. రేఖాంశాలు ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ దగ్గరవుతాయి, మధ్య భారతదేశం దగ్గర ఒక డిగ్రీకి సుమారు 102 కిలోమీటర్లు వేసుకోవచ్చు. అంటే పడమరకు 136 కిలోమీటర్లు. ఇక స్కూల్లో నేర్చుకున్న పైథాగరస్ సూత్రమే: రెండిటి వర్గాలు కలిపి వర్గమూలం తీస్తే సుమారు 1265 కిలోమీటర్లు.

మన దేశం లోపలి ప్రయాణాలకు ఈ పద్ధతి సరిపోతుంది. హైదరాబాద్ నుంచి లండన్, షికాగో లాంటి దూరాలకు మాత్రం పనికిరాదు. అక్కడ భూమి గుండ్రదనం లెక్కను పూర్తిగా మార్చేస్తుంది. కంప్యూటర్‌లో మ్యాప్ మీద దూరం కొలిచే ఆప్షన్ ఉంటుంది, అలాంటి వాటికి అది వాడండి.

ఇదే లెక్క మిగతా తెలుగు ఊళ్లకు వేస్తే ఒక ఆశ్చర్యం కనిపిస్తుంది. ఢిల్లీకి గన్నవరం నుంచి సుమారు 1390 కిలోమీటర్లు, విశాఖ నుంచి సుమారు 1360. విశాఖ చాలా తూర్పున ఉన్నా, విజయవాడ కంటే ఉత్తరంగా ఉండటంతో దూరం కాస్త తగ్గుతోంది. తిరుపతి నుంచైతే 1675 దాకా ఉంటుంది.

దూరాన్ని గంటల్లోకి మార్చండి

ఈ రూట్లో ఎక్కువగా తిరిగేవి ఎయిర్‌బస్ 320, 321 లేదా బోయింగ్ 737 రకం విమానాలు. పైకెక్కాక గంటకు 830 కిలోమీటర్ల దరిదాపుల్లో వెళతాయి. అలాగని 1265ను 830తో భాగిస్తే గంటన్నర వస్తుంది, అది నిజం కాదు. పైకెక్కేటప్పుడు, దిగేటప్పుడు వేగం బాగా తక్కువ. పైగా విమానం గీత గీసినట్టు నేరుగా వెళ్లదు. ఏ రన్‌వే నుంచి లేచింది, ఏ దారిలో రమ్మన్నారు, ఢిల్లీ దగ్గర వరుసలో ముందు ఎన్ని విమానాలున్నాయి అన్నదాన్ని బట్టి కొంత చుట్టు తిరుగుతుంది.

నేను వాడే చిన్న సూత్రం ఇది: నేరు దూరాన్ని 800తో భాగించండి, దానికి అరగంట కలపండి. 1265ని 800తో భాగిస్తే సుమారు గంటా 35 నిమిషాలు. అరగంట కలిపితే 2 గంటల 5 నిమిషాలు. ఎయిర్‌లైన్లు టైమ్‌టేబుల్లో దీనికి మరో ఐదు, పదిహేను నిమిషాలు చేర్చి 2 గంటల 10 నుంచి 2 గంటల 20 నిమిషాల దాకా చూపిస్తాయి. హైదరాబాద్–ముంబై సుమారు 620 కిలోమీటర్లు. అదే సూత్రంతో గంటా 16 నిమిషాలు వస్తుంది, టైమ్‌టేబుల్లో గంటన్నర దగ్గర్లో ఉంటుంది. సూత్రం చెప్పినదానికి పది, పదిహేను నిమిషాలు కలుపుకుంటే దేశం లోపల ఎక్కడికైనా దాదాపు సరిపోతుంది.

గాలి సంగతి కూడా చెప్పాలి. చలికాలంలో ఉత్తర భారతం మీద, పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో, పడమటి నుంచి తూర్పుకి బలమైన గాలి వీస్తుంది. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి మనం వెళ్లేది దక్షిణం నుంచి ఉత్తరానికి కాబట్టి ఆ గాలి విమానానికి పక్క నుంచి తగులుతుంది. అందుకే ఈ రూట్లో వెళ్లే సమయానికీ, వచ్చే సమయానికీ పెద్ద తేడా ఉండదు. తూర్పు, పడమరల మధ్య ప్రయాణాల్లో మాత్రం తేడా బాగా కనిపిస్తుంది. హైదరాబాద్ నుంచి దుబాయ్ వెళ్లేటప్పుడు ఎక్కువసేపు పట్టి, తిరిగొచ్చేటప్పుడు త్వరగా దిగిపోవడం గల్ఫ్‌లో పనిచేసే మనవాళ్లందరికీ అనుభవమే.

కిటికీ సీటు దొరికితే ఇంకో విషయం. హైదరాబాద్, ఢిల్లీల మధ్య గీత గీస్తే అది నాగ్‌పూర్‌కు పడమరగా, భోపాల్‌కు కాస్త తూర్పుగా పోతుంది. అంటే సుమారు సగం దారిలో నర్మదను దాటుతారు. ఆకాశం తేటగా ఉన్న రోజున కిందికి చూడండి.

టికెట్ మీద సమయాన్ని సరిగ్గా చదవండి

టికెట్ మీద "9:00 బయలుదేరు, 11:15 చేరు" అని ఉంటే, తొమ్మిదింటికి విమానం గాల్లోకి లేస్తుందని కాదు. తొమ్మిదింటికి గేటు దగ్గర నుంచి కదలడం మొదలుపెడుతుంది. 11:15కి ఢిల్లీలో గేటు దగ్గర ఆగుతుంది. మధ్యలో శంషాబాద్‌లో విమానం నేల మీద రన్‌వే దాకా వెళ్లే సమయం, ఢిల్లీలో దిగాక టెర్మినల్ దాకా వచ్చే సమయం కూడా ఉన్నాయి. ఢిల్లీలో నాలుగు రన్‌వేలు ఉన్నాయి. కొన్నిసార్లు దిగాక కూడా పది, పదిహేను నిమిషాలు నేల మీదే తిరగాల్సి వస్తుంది.

రెండు ఊళ్లకూ ఒకే గడియారం కాబట్టి ఇక్కడ చిక్కు లేదు. విదేశీ టికెట్లలో మాత్రం బయలుదేరే సమయం ఇక్కడిది, చేరే సమయం అక్కడిది ఉంటుంది. అది మర్చిపోయి తీసివేత చేస్తే లెక్క తప్పుతుంది.

తొమ్మిదింటి విమానానికి అసలు గడువులు వేరే ఉన్నాయి. దేశీయ విమానాలకు చెక్-ఇన్ కౌంటర్ సాధారణంగా 60 నిమిషాల ముందు మూసేస్తారు. బోర్డింగ్ గేటు 20, 25 నిమిషాల ముందు మూసేస్తారు. అంటే 8:35 దాటాక మీరు పరుగెత్తుకొచ్చినా, విమానం కళ్లెదురుగా నిలబడి ఉన్నా ఎక్కనివ్వరు. మీ ఎయిర్‌లైన్ గడువు ఎంతో టికెట్ మీద చూసుకోండి.

ఢిల్లీలో ఏ టెర్మినల్ అన్నది ముందే చూడండి

శంషాబాద్‌లో ఒకే టెర్మినల్ కాబట్టి తికమక లేదు. ఢిల్లీలో మూడున్నాయి. రెండోది, మూడోది పక్కపక్కనే ఉంటాయి. ఒకటో టెర్మినల్ మాత్రం రన్‌వేలకు అవతల, కొన్ని కిలోమీటర్ల దూరంలో ఉంది. ఒకే కంపెనీ విమానాలు కూడా వేర్వేరు టెర్మినళ్లకు వస్తుంటాయి, మధ్యమధ్యలో మారుస్తుంటారు కూడా. అందుకే టికెట్ కొన్నప్పుడు ఒకసారి, బయలుదేరే ముందు రోజు ఇంకోసారి చూడండి. మిమ్మల్ని తీసుకెళ్లడానికి ఎవరైనా వస్తుంటే టెర్మినల్ నంబరు తప్పకుండా చెప్పండి. ఢిల్లీ పేరుతో వెతికితే గాజియాబాద్ వైపున్న హిండన్ ఎయిర్‌పోర్ట్ కూడా జాబితాలో కనిపించవచ్చు. అది ఊరికి పూర్తిగా అవతలి పక్క.

టెర్మినల్‌ను బట్టి ఊళ్లోకి వెళ్లే దారి మారిపోతుంది. మూడో టెర్మినల్ ఎదురుగా ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ మెట్రో ఉంది. అది ఏరోసిటీ, ధౌలా కువాన్, శివాజీ స్టేడియం మీదుగా న్యూఢిల్లీ రైల్వే స్టేషన్‌కి సుమారు 20 నిమిషాల్లో చేరుస్తుంది. ట్రాఫిక్ గొడవ లేదు. నా అభిప్రాయంలో పెద్ద సామాను లేనివాళ్లకు దీన్ని మించినది లేదు. ఆఫీసు వేళల్లో ట్యాక్సీ ఎక్కితే అదే దూరానికి ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు.

ఒకటో టెర్మినల్ దగ్గర ఉన్నది వేరే మెట్రో, మెజెంటా లైన్. ఎయిమ్స్‌కి వెళ్లేవాళ్లకు ఇది బాగా కలిసొస్తుంది. హౌజ్ ఖాస్‌లో దిగి ఎల్లో లైన్‌కి మారితే గ్రీన్ పార్క్ తర్వాత వచ్చేదే ఎయిమ్స్ స్టేషన్. మూడో టెర్మినల్‌లో దిగినవాళ్లు ఎయిమ్స్‌కి వెళ్లాలంటే ఎక్స్‌ప్రెస్ మెట్రోలో ధౌలా కువాన్ దాకా వచ్చి, నడక వంతెన మీదుగా పింక్ లైన్‌కి మారి, ఐఎన్ఏలో దిగి ఎల్లో లైన్ పట్టుకుంటే ఒక్క స్టేషన్ దూరం. ఆ వంతెన బాగా పొడవు. రోగిని వెంటబెట్టుకుని వెళ్తుంటే ఈ దారి వద్దు, ట్యాక్సీ ఎక్కండి. అన్నట్టు, వంతెన అవతల ఉన్న పింక్ లైన్ స్టేషన్ పేరు దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్. రాజమండ్రిలో పుట్టి, ఆంధ్ర మహిళా సభను స్థాపించిన మన దుర్గాబాయమ్మ పేరే అది.

చివరి నుంచి మొదటికి లెక్కేయండి

అసలు పని ఇదే. చాలామంది ముందు చవగ్గా ఉన్న విమానం చూసి, తర్వాత పని ఎలాగోలా సర్దుకుంటుందని అనుకుంటారు. మీరు మాత్రం పని ఉన్న వేళ నుంచి వెనక్కి రండి. ఒక ఉదాహరణ వేసి చూద్దాం. కన్నాట్ ప్లేస్‌లో మధ్యాహ్నం 2 గంటలకు ఒక మీటింగ్ ఉంది, మీరు ఉండేది కూకట్‌పల్లి, చేతిలో చిన్న బ్యాగ్ మాత్రమే.

గేటు దగ్గర పేరు రాయించుకోవడం, లిఫ్ట్ కోసం నిలబడటం ఉంటాయి కాబట్టి 1:30కి అక్కడ ఉండాలి. మూడో టెర్మినల్ బయట నుంచి అక్కడికి, మెట్రో కోసం ఆగడం, 20 నిమిషాల ప్రయాణం, దిగాక ఆటో, అన్నీ కలిపి 50 నిమిషాలు. అంటే 12:40కి టెర్మినల్ బయట ఉండాలి. విమానం ఆగిన దగ్గర్నుంచి బయటికి రావడానికి 25 నిమిషాలు వేసుకోండి. మూడో టెర్మినల్‌లో నడక చాలా ఉంటుంది. కాబట్టి విమానం 12:15కల్లా గేటు దగ్గర ఆగాలి. ఇక్కడ ఒక గంట ఆలస్యానికి వదిలేయండి. ఈ గంటను ఎప్పుడూ తగ్గించవద్దు, మిగతావాటిలో ఏదైనా తగ్గించుకోండి. ఇప్పుడు 11:15కి చేరే విమానం కావాలి, అంటే 9 గంటలకు బయలుదేరేది. శంషాబాద్‌లో 7:15కి ఉండాలి. కూకట్‌పల్లి నుంచి ఔటర్ మీదుగా ఉదయం పూట గంట నుంచి గంటంబావు. కాబట్టి 6 గంటలకు ఇల్లు కదలాలి.

ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 1:30 దాకా, ఏడున్నర గంటలు. అందులో వదిలేసిన గంట తీసేస్తే ఆరున్నర. ఇదీ హైదరాబాద్, ఢిల్లీల మధ్య అసలు దూరం.

పెద్ద సూట్‌కేస్ కౌంటర్‌లో వేస్తే ఢిల్లీలో బెల్ట్ దగ్గర ఇంకో 20, 30 నిమిషాలు కలపండి. ఒకరోజు పనికి 7 కిలోల చేతి సంచి చాలు. వెబ్ చెక్-ఇన్ ఇంట్లోనే చేసుకోండి, ముందు వరసల్లో సీటు దొరికితే తీసుకోండి. వెనక కూర్చున్నవాళ్లు దిగేసరికి పది నిమిషాలు పోతాయి. డిజియాత్రా యాప్‌లో ముందే నమోదు చేసుకుంటే ప్రవేశం దగ్గర వేరే వరుస ఉంటుంది. రద్దీ వేళల్లో అది చాలా ఉపయోగం.

శంషాబాద్‌కి ఇంకా మెట్రో లేదు. సొంత బండి, క్యాబ్, లేదంటే ఆర్టీసీ పుష్పక్ బస్సులు. మెహదీపట్నం వైపు నుంచి వచ్చేవాళ్లకు ఆరాంఘర్ దాకా వెళ్లే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే సమయం బాగా ఆదా చేస్తుంది. వరంగల్ నుంచి వచ్చేవాళ్లు రోడ్డు మీదే మూడు గంటలకు పైగా వేసుకోవాలి. విజయవాడ వాళ్లైతే శంషాబాద్ రావడం కంటే గన్నవరం నుంచి నేరుగా ఢిల్లీకి ఉన్న విమానం చూడటం మేలు. టికెట్ వెయ్యి, రెండు వేలు ఎక్కువైనా రోడ్డు మీద ఐదు గంటలు మిగులుతాయి.

పని ఉదయం తొమ్మిదింటికైతే ఈ లెక్కలేవీ వద్దు, ముందు రోజు సాయంత్రమే వెళ్లిపోండి. షాజహాన్ రోడ్డులోని యూపీఎస్సీ ఆఫీసులో ఉదయం ఇంటర్వ్యూ ఉన్న పిల్లలు తెల్లవారుజామున విమానం ఎక్కి వెళ్లే ఆలోచన అసలు చేయవద్దు. ఏళ్ల చదువుని ఒక విమానం మీద పెట్టకూడదు. ఒక రాత్రి గది అద్దె పెద్ద ఖర్చు కాదు.

ఏ నెలలో వెళ్తున్నారో చూసుకోండి

డిసెంబర్ మధ్య నుంచి జనవరి చివరి దాకా ఢిల్లీలో పొగమంచు. అర్ధరాత్రి దాటాక మొదలై, ఉదయం పదీ పదకొండు దాకా ఉండొచ్చు. బాగా తక్కువ చూపులో కూడా దిగే ఏర్పాటు ఢిల్లీ రన్‌వేలకు ఉంది, కానీ దానికి విమానానికీ, పైలట్లకీ ఆ అర్హత ఉండాలి. పైగా అలాంటప్పుడు గంటకు దిగే విమానాల సంఖ్య తగ్గిపోతుంది. అందుకే ఆ రోజుల్లో మధ్యాహ్నం 12 తర్వాత చేరే విమానమే తీసుకోండి. గంట బదులు మూడు గంటలు వదిలిపెట్టండి. ఉదయం ఆలస్యమైన విమానమే రోజంతా నాలుగైదు ఊళ్లు తిరగాలి కాబట్టి సాయంత్రం విమానాలకూ ఆ ఆలస్యం పాకుతుంది. ఫ్లైట్‌రాడార్24 లాంటి యాప్‌లో మీ విమానం అంతకుముందు ఎక్కడి నుంచి వస్తోందో చూడొచ్చు. అది ఇంకా బయలుదేరనే లేదంటే ఎయిర్‌లైన్ మెసేజ్ రాకముందే మీకు సంగతి తెలిసిపోతుంది. అలాగని ఇంటి దగ్గర మాత్రం ఆలస్యం చేయవద్దు. వేరే విమానం తెచ్చి సమయానికే పంపేయొచ్చు.

జనవరిలో ఇంకొకటి ఉంది, చాలామందికి తెలియదు. జనవరి 26కి ముందు కొన్ని రోజులు, ఆ రోజున, ఢిల్లీ ఎయిర్‌పోర్ట్‌లో విమానాల రాకపోకలు ఉదయం రెండు గంటలకు పైగా ఆపేస్తారు. పరేడ్ కోసం, రిహార్సల్స్ కోసం. ఈమధ్య సంవత్సరాల్లో ఆ వేళ 10:20 నుంచి 12:45 దాకా ఉంటోంది. పైన వేసిన 11:15 లెక్క ఆ వారంలో పనికిరాదు.

మే, జూన్ సాయంత్రాల్లో ఢిల్లీలో దుమ్ముగాలులు, ఉరుముల వాన. అప్పుడు విమానాలను గాల్లో తిప్పుతారు, లేదా జైపూర్, లక్నో వైపు పంపేస్తారు. ఎండాకాలంలో కాబట్టి ఉదయం విమానమే మంచిది. చలికాలం లెక్కకు పూర్తిగా తలకిందులు.

ఆలస్యమైతే మీకు రావాల్సినవి

విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ నిబంధనల్లో ప్రయాణ సమయాన్ని బట్టి హక్కులు మారతాయి. హైదరాబాద్–ఢిల్లీ రెండున్నర గంటల లోపు విమానం. ఇలాంటిది 2 గంటలకు మించి ఆలస్యమైతే, సమయానికి చెక్-ఇన్ అయినవాళ్లకు ఎయిర్‌లైన్ తినడానికి, తాగడానికి ఏర్పాటు చేయాలి. అడగనివాళ్లకు ఇవ్వకుండా ఊరుకునే అవకాశం ఉంది, మర్యాదగానే కౌంటర్ దగ్గరికెళ్లి అడగండి. 6 గంటలకు మించిన ఆలస్యమైతే వేరే విమానమో, పూర్తి రీఫండో ఇవ్వాలి. ముందుగా చెప్పకుండా రద్దు చేస్తే, 2 గంటలకు మించిన ప్రయాణానికి పరిహారం 10,000 రూపాయలు, లేదా టికెట్ మూల ధర, ఇంధన చార్జీ కలిపిన మొత్తం, రెండిట్లో ఏది తక్కువైతే అది. పొగమంచు, తుపాను లాంటి కారణాలకు ఈ పరిహారం వర్తించదు. బోర్డింగ్ పాస్, వచ్చిన మెసేజ్‌లు దాచుకోండి. ఎయిర్‌లైన్ స్పందించకపోతే ప్రభుత్వ ఎయిర్‌సేవ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు.

ఢిల్లీ నుంచి ఇంకో విమానం ఎక్కాలంటే

అమెరికాకో, యూరప్‌కో ఢిల్లీ మీదుగా వెళ్తుంటే రెండు ప్రయాణాలూ ఒకే పీఎన్ఆర్ మీద ఉండేలా కొనండి. అప్పుడు మొదటిది ఆలస్యమై రెండోది పోతే తర్వాతి విమానంలో పంపే బాధ్యత ఎయిర్‌లైన్‌దే. విడివిడిగా కొన్న టికెట్లైతే ఆ భారం మొత్తం మీదే. సామాను తీసుకుని, టెర్మినల్ మారి, మళ్లీ కౌంటర్, ఇమ్మిగ్రేషన్, సెక్యూరిటీ అన్నీ దాటాలి. అలాంటప్పుడు మధ్యలో కనీసం ఐదు గంటలు పెట్టండి, పొగమంచు నెలల్లో ముందు రోజే ఢిల్లీ చేరండి. పిల్లల దగ్గరికి ఒంటరిగా వెళ్తున్న పెద్దవాళ్లకైతే టికెట్ కొనేవాళ్లే ఈ సంగతి చూడాలి. ఒకటో టెర్మినల్‌లో దిగి మూడో టెర్మినల్‌కి వెళ్లాల్సిన పరిస్థితి వాళ్లకు పెట్టవద్దు. టికెట్‌తో పాటే వీల్‌చైర్ కూడా అడిగి పెడితే ఎయిర్‌పోర్ట్ మనిషే గేటు దాకా తీసుకెళ్తాడు.